గొర్ల లెక్క సరే, గడ్డి లెక్క ఎవరు చూస్తారు?

పోయిన నెల ఊరెళ్ళినప్పుడు మా బాపు అన్నం తింటూ తింటూ ఓ మాట అన్నాడు. "నాలుగు ముర్రా బర్లు తెద్దామనుకుంటున్నరా. పసుపును నమ్ముకుంటే అయ్యేట్టు లేదు. నువ్వో రెండు లక్షలు సర్దు, మిగతాది బ్యాంకోళ్ళు ఇస్తమంటున్నరు."

మాది ఆర్మూరు పక్కన పల్లె. ఇంట్లో పసుపు, మక్క, ఎర్రజొన్న తప్ప వేరే ముచ్చట ఉండదు. నేను హైదరాబాదులో కోడ్ రాసుకుని బతికే జీవిని. బాపు అడిగిన వెంటనే "సరే" అనేద్దామనుకున్నా. ఎందుకంటే మా ఆఫీసులో సగం మందికి ఈ జబ్బుంది. సోమవారం వస్తే రాజీనామా చేసి డెయిరీ పెడదామంటారు, జీతం పడగానే మర్చిపోతారు :) కానీ ఆ రాత్రి నిద్ర పట్టక లాప్‌టాప్ తీసి ఓ స్ప్రెడ్‌షీట్ మొదలెట్టాను. అది నాలుగు బర్రెల లెక్కతో మొదలై రాష్ట్రమంతా పంచిన గొర్ల లెక్క దాకా పోయింది. ఆ కోపంలోంచి వచ్చిందే ఈ టపా. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకోండి.

ముందు బర్రెల సంగతి. ఇవి నేననుకున్న రేట్లు, మీ ఊళ్ళో వేరేగా ఉండొచ్చు. బర్రె ఈనాక 300 రోజులు సగటున 8 లీటర్లిస్తుందనుకుందాం. మళ్ళీ ఈనే వరకు మొత్తం 15 నెలలు, అంటే 450 రోజులు. 2400 లీటర్లని 450తో భాగిస్తే రోజుకి 5.3 లీటర్లు. చాలామంది చేసే మొదటి తప్పు ఇక్కడే. పాలిచ్చే రోజుల లెక్క వేసి, వట్టిపోయిన రోజుల లెక్క వదిలేస్తారు. లీటరు 60 రూపాయలైతే రోజుకి 320.

ఇప్పుడు మేత. పచ్చిగడ్డి 25 కిలోలు, కిలో 3 చొప్పున 75 రూపాయలు. వరిగడ్డి 5 కిలోలు, కిలో 6 చొప్పున 30. దాణా పాల రోజుల్లో 6 కిలోలు, వట్టి రోజుల్లో 2 కిలోలు పెడితే, కిలో 28 చొప్పున సగటున రోజుకి 131. మొత్తం 236. మిగిలేది 84 రూపాయలు. నాలుగు బర్రెలకి 336. జీతగాణ్ణి పెట్టుకుంటే నెలకి 15 వేలు, అంటే రోజుకి 500. అయిపోయింది మన డెయిరీ! బ్యాంకు వాయిదా, డాక్టరు ఖర్చు, చచ్చిపోయే దూడ ఇంకా కలపనే లేదు.

అదే పచ్చిగడ్డి మన చేనులోనే పండితే? బర్రెకి 75 మిగిలి 159 అవుతుంది. నాలుగింటికి 636. భూమికీ నీళ్ళకీ విలువ కట్టాలి, నిజమే. అయినా చూడండి, బర్రె మారలేదు, పాల ధర మారలేదు. గడ్డి ఎవరిదన్న ఒక్క ప్రశ్నకి జవాబు మారితే మిగులు దాదాపు రెండింతలయింది. పశువుల పెంపకం అంటే పశువు కాదు, గడ్డి. ఈ సంగతి మా అవ్వకి తెలుసు, పక్కింటి గొల్ల కాకకి తెలుసు. తెలియనిదల్లా పథకాలు రాసేవాళ్ళకే.

ఈ పథకాలు నిన్న మొన్న మొదలైనవేం కావు. 2006లో కేంద్రం రైతుల ఆత్మహత్యలు ఎక్కువగా ఉన్న 31 జిల్లాలకి ప్యాకేజీ ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అందులో 16 జిల్లాలున్నాయి, మన నిజామాబాద్ కూడా ఒకటి. ఆ ప్యాకేజీలో సబ్సిడీ మీద పాడిపశువులివ్వడం ఒక భాగం. విదర్భలో ఏమయిందో పి. సాయినాథ్ అప్పట్లోనే రాశారు. మనుషులకే తిండి కష్టమైన ఇంట్లో రోజుకి పది పదిహేను కిలోల మేత అడిగే జెర్సీ ఆవుని కట్టేసి వెళ్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అప్పుల్లో ఉన్న రైతుకి ఇంకో నోరు అప్పగించారు. ఆ తర్వాత మన దగ్గర పశుక్రాంతి, జీవక్రాంతి అని వచ్చాయి. పేర్లలో క్రాంతికి లోటు లేదు, గడ్డి మాటే ఎక్కడా లేదు.

ఇక 2017కి వద్దాం. జూన్ 20న సిద్దిపేట జిల్లా కొండపాకలో అప్పటి ముఖ్యమంత్రి గొర్రెల పంపిణీ మొదలుపెట్టారు. యూనిట్ అంటే 20 గొర్రెలు, ఒక పొట్టేలు. ఖరీదు 1,25,000. అందులో 75 శాతం సర్కారుది, 31,250 రూపాయలు లబ్ధిదారుడిది. తర్వాత యూనిట్ ధర 1,75,000 చేసి లబ్ధిదారుడి వాటా 43,750 చేశారు. డబ్బులో పెద్ద భాగం ఎన్‌సీడీసీ దగ్గర తెచ్చిన అప్పు. 7 లక్షలకి పైగా గొల్ల కురుమ కుటుంబాలకి ఇవ్వాలన్నది లక్ష్యం.

ఒక్కసారి గుణించండి. 7 లక్షలు ఇంటూ 21 ఎంత? 1 కోటి 47 లక్షలు. 2012 పశుగణన ప్రకారం తెలంగాణలో మొత్తం ఉన్న గొర్రెలే 1 కోటి 28 లక్షలు. అంటే తరతరాలుగా ఈ నేల మీద ఉన్న గొర్రెల కంటే ఎక్కువ గొర్రెల్ని కొన్నేళ్ళలో తెచ్చి పోద్దామని ప్లానన్నమాట. ఒక గొర్రె రోజుకి 1.1 కిలో ఎండుమేత లెక్కన తింటుందనుకుంటే, ఆ 1.47 కోట్ల గొర్రెలకి ఏడాదికి 59 లక్షల టన్నులు కావాలి. ఆ 59 లక్షల టన్నులు ఎక్కడ పెరుగుతాయి? ఏ బంచరాయిలో? ఏ గైరాన్ భూమిలో?

మా ఫీల్డులో దీన్ని లోడ్ టెస్ట్ అంటాం. వెయ్యి మంది వాడే సర్వర్ మీదికి రెండు వేల మందిని వదిలే ముందు అది తట్టుకుంటుందా అని చూస్తాం. చూడకుండా వదిలితే మేనేజరు తిడతాడు. ఇక్కడ వేల కోట్ల పనికి ఆ చిన్న టెస్ట్ చేసినవాడు లేడు, తిట్టినవాడూ లేడు.

ఒక ఊరి లెక్కే చూద్దాం. ఊళ్ళో 100 యూనిట్లు ఇచ్చారనుకోండి. 2100 గొర్రెలు. ఏడాదికి 843 టన్నుల మేత. మంచి వానలు పడ్డ ఏడు ఎకరం బీడులో అర టన్ను మేత దొరుకుతుందని ఉదారంగా అనుకున్నా దాదాపు 1,700 ఎకరాల మేత భూమి కావాలి. మా ఊళ్ళో అయితే బీడు భూమి చూపించమంటే జనం నవ్వుతారు. శ్రీరాంసాగర్ నీళ్ళు, బోర్లు ఉన్న నేల ఇది. పసుపు తీయగానే ఇంకోటి వేస్తారు. చెరువు శిఖం దున్నేశారు. గుట్టలు క్వారీలకి పోయాయి. మిగిలిన జాగాలో 2015 నుంచి హరితహారం మొక్కలు పెట్టారు. మొక్కలు పెట్టడం మంచిదే, కానీ మేసే జాగా ఎక్కడని ఎవరూ అడగలేదు. 2019లో హుజూరాబాద్‌లో మొక్కలు తిన్నాయని రెండు మేకల్ని పోలీస్ స్టేషన్‌లో కట్టేసి యజమానికి వెయ్యి రూపాయలు జరిమానా వేశారు, గుర్తుందా? దేశమంతా నవ్వుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒక చేత్తో జీవాల్ని పంచి, ఇంకో చేత్తో వాటిని అరెస్టు చేసిన సర్కారు మనది.

తర్వాత ఏమయిందో అందరికీ తెలిసిందే. పొరుగు రాష్ట్రాల్లో కొన్న గొర్రెలు మళ్ళీ అదే దారిన వెనక్కి పోయి, ఇంకొకరి పేరు మీద తిరిగొచ్చాయని పత్రికల్లో బోలెడన్ని వార్తలొచ్చాయి. 2024 ఫిబ్రవరిలో అసెంబ్లీ ముందుకొచ్చిన కాగ్ నివేదిక చదివితే సినిమా చూసినట్టుంటుంది. గొర్రెల్ని తరలించిన లారీల నంబర్లని రాసుకున్నవి వెతికితే ఆటోలు, కార్లు, మోటారు సైకిళ్ళు, అంబులెన్సులు తేలాయి. ఒకే చెవి ట్యాగు నంబరు రెండు మూడు గొర్రెలకుంది. చనిపోయినవాళ్ళ పేరు మీద కూడా యూనిట్లు పోయాయి. తర్వాత ఏసీబీ కేసులు, 2025లో ఈడీ సోదాలు. డేటాబేస్‌లో ఒక కాలమ్‌కి యూనిక్ అని పెట్టి ఉంటే డూప్లికేట్ ట్యాగులు ఎంటర్ చేసేటప్పుడే ఆగిపోయేవి. రెండు నిమిషాల పని!

అయితే నా కోపం అవినీతి మీద మాత్రమే అనుకుంటే పొరపాటు. పైసా అవినీతి లేకుండా, ప్రతి గొర్రె నిజంగా ఇంటికి చేరి ఉన్నా ఈ పథకం నిలిచేది కాదు. రీసైక్లింగ్‌ని మనం దొంగతనం అంటున్నాం, కొంత నిజమే. కానీ మేపలేక అమ్ముకున్నవాళ్ళు ఎంతమంది? కోస్తా నేలల్లో పెరిగిన గొర్రెని లారీలో కుక్కి తెచ్చి, వేరే నీళ్ళు, వేరే మేత ఉన్న చోట వదిలితే అది పారుడు రోగానికో చిటుక రోగానికో పోతుంది. సగం మంద పోయేలోపు మిగతా సగం అమ్ముకోవడం తెలివైన పని. ఇక్కడి నేలకి అలవాటైన నల్ల దక్కనీ గొర్రె, గొంగడికి ఉన్ని ఇచ్చే గొర్రె, ఆ జాతిని పెంచుదామన్న ఆలోచన పథకంలో ముందుకు రాలేదు. మాంసం ఎక్కువొచ్చే జాతి అంటే చాలు.

ఇక్కడ నన్నో మాట అడగొచ్చు. "పసుపు రైతు కొడుకువి, గొల్ల కురుమలకి ఇచ్చేసరికి నీకు కడుపు మంటా?" అడగాల్సిన ప్రశ్నే. 2018 నుంచి మాకు రైతుబంధు వచ్చింది, ఎకరానికి పంటకి నాలుగు వేలు, తర్వాత ఐదు వేలు. ఎవడూ మమ్మల్ని ఫోటో దిగమనలేదు, చెవికి ట్యాగు వెయ్యలేదు, డీడీ కట్టమనలేదు. భూమి లేని కాపరికి మాత్రం ముందు డబ్బు కట్టించుకుని, ఏళ్ళ తరబడి వరస చూడమన్నారు. రెండో విడతలో అప్పు తెచ్చి డీడీలు కట్టి వడ్డీలు మోసినవాళ్ళు మా మండలంలోనే ఉన్నారు. కాబట్టి వాళ్ళకెందుకిచ్చారన్నది కాదు నా గొడవ. గడ్డి లేకుండా ఇచ్చారన్నది. చక్రాల్లేని బండిచ్చి, "బండిచ్చాం కదా, ఇంకా ఏడుపేమిటి" అన్నట్టుంది.

ఇంకో వాదన: "2019 పశుగణనలో తెలంగాణ గొర్రెల్లో దేశంలోనే నంబర్ వన్ కదా, 1 కోటి 91 లక్షలు, ఏడేళ్ళలో దాదాపు 49 శాతం పెరిగాయి కదా, ఇదంతా విజయం కాదా?" దేశంలో ప్రతి నాలుగు గొర్రెల్లో ఒకటి మన దగ్గరే, నిజమే. కానీ పశుగణన తలలు లెక్కపెడుతుంది. ఆ తలలు మరుసటి ఏడాది ఉన్నాయా, ఎన్ని పిల్లలు బతికాయి, కాపరి చేతికి ఎంత మిగిలింది అన్నది లెక్కపెట్టదు. లారీలోంచి దింపిన మర్నాడు లెక్కపెడితే సంఖ్య పెరగక ఏమవుతుంది? 21వ పశుగణన 2024 అక్టోబరులో మొదలైంది. దాని అంకెలు చదివేటప్పుడైనా ఈ ప్రశ్నలు వెంట పెట్టుకోండి.

సరే, గొర్రెల్ని కాసేపు పక్కన పెట్టి ఆర్మూరుకే వద్దాం. నన్ను నిజంగా బాధపెట్టేది ఇదే. ఎర్రజొన్న అంటే బయటివాళ్ళకి తెలియదు. అది మనం తినే జొన్న కాదు. మా ఆర్మూరు, బాల్కొండ ప్రాంతంలో పండించి, అంకాపూర్ చుట్టుపక్కల యూనిట్లలో శుభ్రం చేసి ఉత్తరాది రాష్ట్రాలకి పంపే విత్తనం. అక్కడ దాన్ని దేనికి వాడతారు? పశువుల పచ్చిమేత కోసం చల్లుతారు! అంటే హర్యానా, పంజాబ్, ఉత్తరప్రదేశ్ బర్రెలు తినే గడ్డికి విత్తనం ఇక్కడినుంచి పోతుంది. ఆ గడ్డి తిన్న ముర్రాని మా బాపు లక్షలు పోసి హర్యానా నుంచి తెచ్చుకోవాలనుకుంటున్నాడు. తెచ్చాక దానికి పెట్టడానికి ఇక్కడ గడ్డి లేదు. ఇంతకంటే విడ్డూరం ఉంటుందా?

ఆ విత్తనానికైనా గిట్టుబాటుందా? 2008లో బకాయిల కోసం ఆర్మూరు రోడ్ల మీద ఎంత గొడవైందో పెద్దవాళ్ళకి తెలుసు. 2019 ఫిబ్రవరిలో పసుపుకి క్వింటాలుకి 15,000, ఎర్రజొన్నకి 3,500 ఇవ్వమని మళ్ళీ రోడ్డెక్కారు. ఎవరూ వినకపోతే లోక్‌సభ ఎన్నికల్లో నామినేషన్లేశారు. నిజామాబాద్‌లో 185 మంది అభ్యర్థులు నిలబడ్డారు, అందులో ఎక్కువమంది రైతులే. పసుపు బోర్డు 2023 అక్టోబరులో ప్రకటించారు, 2025 జనవరి 14న మొదలైంది, కేంద్ర కార్యాలయం నిజామాబాద్‌లోనే. సంతోషం. కానీ ఆ బోర్డు కూడా ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. పసుపు పెంట మీద నడిచే పంట. ఎకరానికి పది టన్నుల పశువుల ఎరువు వెయ్యమంటారు మన వ్యవసాయ శాస్త్రవేత్తలు. పది టన్నులు! ఎడ్లు పోయి ట్రాక్టర్లొచ్చాక ఎవరింట్లో ఉంది అంత పెంట?

నా చిన్నప్పుడు ఎండాకాలం మా చేన్లో గొర్ల మంద పెట్టించుకునేవాళ్ళం. కాక మందని తోలుకొచ్చి రాత్రిళ్ళు చేన్లోనే ఆపేవాడు. మేం రాత్రికింత అని ధాన్యమో డబ్బో ఇచ్చేవాళ్ళం, బువ్వ ఇంటినుంచే పోయేది. గొర్రెకి కోతలయ్యాక మిగిలిన మేత, చేనుకి ఎరువు, కాపరికి బత్తెం. ఏ అధికారీ డిజైన్ చెయ్యని ఆ పద్ధతి తరాలపాటు నడిచింది. ఇప్పుడు ట్రాలీ పెంట ఎక్కడో కొని తెస్తున్నాం, లేకపోతే యూరియా బస్తాలు గుమ్మరిస్తున్నాం. 2025 వానాకాలంలో ఆ యూరియా కూడా దొరక్క జనం చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డారు. వరికోత మిషన్లొచ్చాక గడ్డి ముక్కలై చేన్లోనే పడిపోతోంది, దాన్ని అగ్గిపెట్టి కాలుస్తున్నాం. ఒకే ఊళ్ళో ఒకడు గడ్డి కాలుస్తాడు, ఒకడు గడ్డి లేక గొర్లు అమ్ముకుంటాడు, ఇంకొకడు పెంట లేక ఏడుస్తాడు.

నెదర్లాండ్స్‌లో దీనికి పూర్తిగా ఉల్టా. అక్కడ చిన్న దేశంలో పశువులు, పందులు మరీ ఎక్కువై, వాటి పేడ మూత్రాల నత్రజనితో నేల, నీరు పాడయ్యాయి. 2019లో కోర్టు తీర్పు తర్వాత మందలు తగ్గించాలన్న మాట రాగానే రైతులు ట్రాక్టర్లతో రోడ్లు దిగ్బంధం చేశారు. 2023 ప్రాంతీయ ఎన్నికల్లో రైతుల పార్టీయే గెలిచింది. వాళ్ళకి పెంట ఎక్కువై తంటా, మనకి తక్కువై తంటా. రెండు చోట్లా తప్పు ఒకటే, నేల ఎంత మోయగలదో చూడకుండా పశువుల సంఖ్యని అభివృద్ధి అనుకోవడం.

విమర్శించడం తేలికే, ఏం చెయ్యాలో చెప్పమంటారు కదా. నా మటుకు నాకు తోచినవి ఇవి.

మొదటిది, ఊరి గడ్డి లెక్క. ఎన్ని ఎకరాల బీడు, ఎంత వరిగడ్డి, ఎంత మక్క చొప్ప, ఎన్ని పశువులు. ఒక పేజీ చాలు. ఆ పేజీ గ్రామసభలో చదవకుండా ఆ ఊరికి ఒక్క జీవాన్నీ పంపొద్దు.

రెండోది, పశువు కంటే ముందు గడ్డి. మిగిలిన గైరాన్, శిఖం భూముల్లో గొర్రెల కాపరుల సంఘాలకి మేపుకునే హక్కు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఉత్తరాదికి పంపే విత్తనంలో కొంత మన ఊళ్ళలోనే చల్లుకునేలా సాయం చెయ్యాలి.

మూడోది, మంద పెట్టినందుకు డబ్బు. యూరియా బస్తా మీద సబ్సిడీ ఇవ్వగా లేనిది, పసుపు చేన్లో రాత్రి మంద ఆపిన కాపరికి ఎందుకివ్వరు? పసుపు బోర్డు ఈ ఒక్క పని నాలుగు ఊళ్ళలో చేసి చూపిస్తే చాలు.

నాలుగోది, అమ్ముకునే చోటు, వైద్యం ఒకేచోట ఉండాలి. ముల్కనూరు మహిళల డెయిరీ 2002 నుంచి నడుస్తోంది. సభ్యులంతా ఆడవాళ్ళే. ఎందుకు నిలిచింది? పాలు కొనడంతో ఆగకుండా దాణా, పశువైద్యం కూడా సంఘమే చూసుకుంటుంది కాబట్టి, యజమానులు వాళ్ళే కాబట్టి. 1962 నంబరుకి ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్సులు 2017లో నియోజకవర్గానికి ఒకటి చొప్పున ఇచ్చారు. మంచి పనే, కానీ లక్షల జీవాల్ని పంచిన చోట నియోజకవర్గానికి ఒక బండి ఏం సరిపోతుంది?

బాపుకి ఆ స్ప్రెడ్‌షీట్ చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. చివరికి, "ఇందుల మీ అమ్మ కూలి యాడ రాసినవ్?" అన్నాడు. నిజమే, రాయలేదు. పొద్దున నాలుగింటికి లేచి పాలు పిండేది, పేడ తీసేది అమ్మే కదా. జీతగాడికి 500 అని రాసి అమ్మకి సున్నా పెట్టాను. సర్కారుని తిడుతూ నేను చేసిన లెక్కలో కూడా ఒక కాలమ్ ఎగిరిపోయింది.

ప్రస్తుతానికి నాలుగు కాదు, ఒక్క బర్రె అనుకున్నాం. అదీ బావి పక్క అర ఎకరంలో గడ్డి వేసి, అది మోకాలెత్తు పెరిగాకే. ఆ అర ఎకరం పసుపు తగ్గుతుందని బాపు ఇంకా గొణుగుతున్నాడు. అమ్మని ఇంకా అడగలేదు, వచ్చే వారం వెళ్ళినప్పుడు ముందు అడగాల్సింది ఆమెనే.

మీ ఊళ్ళో పంచిన గొర్రెల్లో ఇప్పుడెన్ని మిగిలాయి? తెలిస్తే చెప్పండి. నా లెక్కలో తప్పులుంటే అవి కూడా.